బలవంతపు ఊపిరి

ఇంజన్‌కి పెట్రోలు అందించడం తేలిక. గాలి అందించడమే కష్టం. లీటరు పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 9 వేల లీటర్ల గాలి కావాలి. పెట్రోలు మరికాస్త కావాలంటే ఇంజెక్టర్‌ని ఇంకొన్ని క్షణాలు తెరిచి ఉంచితే సరిపోతుంది. గాలి అలా రాదు. పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండర్‌లో ఏర్పడే ఖాళీలోకి బయటి వాతావరణం ఎంత తోస్తే అంతే వస్తుంది. అదీ ఫిల్టరు, గొట్టాలు, వాల్వులు అన్నీ దాటుకుని రావాలి. అందుకే ఇంజన్ శక్తి పెంచాలనుకునేవాళ్లకి మూడే దారులు: ఇంజన్‌ని పెద్దది చెయ్యడం, ఉన్నదాన్నే ఇంకా వేగంగా తిప్పడం, లేదంటే గాలిని నొక్కి బలవంతంగా లోపలికి తొయ్యడం. ఈ మూడో పని చేసే యంత్రమే సూపర్‌ఛార్జర్.

1921లో బెర్లిన్ మోటారు ప్రదర్శనలో మెర్సిడెస్ పెట్టిన కార్లలో ఒకదాని పేరు 6/25/40. ఆ అంకెల్లో మొదటిది పన్ను లెక్కకు వాడే హార్స్‌పవర్. రెండోది సూపర్‌ఛార్జర్ పనిచేయనప్పుడు ఇంజన్ ఇచ్చే శక్తి, మూడోది అది పనిచేసినప్పుడు ఇచ్చేది. ఇంజన్ అదే, పెట్రోలూ అదే. గాలి ఎక్కువ దొరికితే 25 కాస్తా 40 అయింది. యాక్సిలరేటర్‌ని నేలకంటా తొక్కితే క్లచ్ పట్టుకుని సూపర్‌ఛార్జర్ తిరిగేది, కాలు తీస్తే ఆగేది. దాన్ని కొద్ది సెకన్లపాటే వాడాలని కంపెనీ హెచ్చరించేది.

సూపర్‌ఛార్జర్ తిరగడానికి కావలసిన బలం ఇంజన్ క్రాంక్‌షాఫ్ట్ నుంచే వస్తుంది. కార్లలో ఎక్కువగా బెల్టు ద్వారా, కొన్నింట్లో గేర్ల ద్వారా. గాలిని ఇలాగే తోసే టర్బో మాత్రం సైలెన్సర్ వైపు పోయే పొగ వేగంతో తిరుగుతుంది. ఇక్కడి చర్చ ఇంజన్ తన బలంతో తానే తిప్పుకునే వాటి గురించి. వాటిలో ఏది గొప్పదని అడిగితే జవాబు దొరకదు. ఏది ఎంత గాలి తోస్తుందన్నది ఒక్కటే చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి కూడా. అసలు తేడా, ఇంజన్ ఎంత వేగంలో ఉన్నప్పుడు గాలి అందుతుంది, దానికి బదులుగా ఇంజన్ ఎంత వేడి భరించాలి అన్న రెండు ప్రశ్నల దగ్గర తేలుతుంది.

వీటిలో అన్నిటికంటే పాతది రూట్స్ తరహా. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్‌కి చెందిన ఫిలాండర్, ఫ్రాన్సిస్ రూట్స్ అనే అన్నదమ్ములు 1860లో దీనికి పేటెంట్ తీసుకున్నారు. అప్పటికి కారు అనేదే పుట్టలేదు. వాళ్ల యంత్రం కొలుములకు గాలి ఊదింది, గనుల్లోకి గాలి పంపింది. నిర్మాణం చాలా సాదా: ఒక గుండ్రటి పెట్టెలో 8 అంకె ఆకారపు రోటర్లు రెండు ఎదురెదురుగా తిరుగుతాయి. బయట గేర్లు వాటి కదలికని జతచేసి ఉంచుతాయి కాబట్టి అవి ఒకదానికొకటి తగలవు. చెరుకు రసం మిషన్‌లో గడ రెండు రోలర్ల మధ్య నలిగినట్టు ఇక్కడ గాలి రెండు రోటర్ల మధ్య నలుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి జరిగేది దానికి పూర్తిగా తిరగబడ్డ పని. గాలి రోటరుకీ పెట్టె గోడకీ మధ్య ఉన్న సందులో చిక్కుకుని, అంచు వెంబడే చుట్టూ తిరిగి అవతలి వైపుకి చేరుతుంది. మధ్యలో రోటర్లు ఒకదాన్నొకటి ఒరుసుకున్నంత దగ్గరగా తిరగడం వల్ల వెళ్లిన గాలి వెనక్కి రాలేదు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. రూట్స్ లోపల గాలి నొక్కుకుపోదు. బయటి పీడనంతో వచ్చిన గాలి అదే పీడనంతో అవతలి ద్వారం దాకా ప్రయాణిస్తుంది. ద్వారం తెరుచుకోగానే, అప్పటికే ఇన్‌టేక్ గొట్టంలో పేరుకున్న ఎక్కువ పీడనపు గాలి ఒక్కసారిగా వెనక్కి దూకి దీన్ని నొక్కుతుంది. అలా ప్రతి చుట్టులోనూ అనేకసార్లు జరుగుతుంది. రూట్స్ చేసే ఆ విశిష్టమైన కీచుమనే కూతలో పెద్ద భాగం దీనిదే. గాలి అతిగా వేడెక్కడానికి కారణం కూడా ఇదే.

ఆ వేడి ఎంతో లెక్క వేస్తే విషయం స్పష్టమవుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ గాలిని రెట్టింపు పీడనానికి నొక్కితే, ఏ నష్టమూ లేని ఊహా యంత్రంలో సైతం అది 96 డిగ్రీలకు చేరుతుంది. 75 శాతం సామర్థ్యం ఉన్న యంత్రంలో దాదాపు 118 అవుతుంది. 55 శాతమే ఉంటే 150 దాటుతుంది. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి, పీడనం రెట్టింపైనా సిలిండర్‌లోకి చేరే గాలి బరువు రెట్టింపు కాదు. 118 డిగ్రీల దగ్గర 55 శాతం పెరిగితే, 150 దగ్గర 43 శాతమే పెరుగుతుంది. పైగా వేడి గాలితో కలిసిన పెట్రోలు, స్పార్క్ రగిల్చిన మంట తనదాకా రాకముందే తనంతట తానే అంటుకుంటుంది. ఇంజన్ నాకింగ్ కొడుతుంది, ముదిరితే పిస్టన్లు పోతాయి. సూపర్‌ఛార్జర్ తర్వాత ఇంటర్‌కూలర్ పెట్టేది ఈ వేడిని లాగెయ్యడానికే.

అయినా రూట్స్ నూట యాభై ఏళ్లకు పైగా బతికి ఉంది. ఎందుకంటే అది ఒక్కో చుట్టుకి ఇంత అని లెక్కగా గాలిని తోస్తుంది. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నా, వేగంగా తిరుగుతున్నా ఇంజన్ చుట్టుకీ సూపర్‌ఛార్జర్ చుట్టుకీ నిష్పత్తి ఒకటే. అందుకని 1,500 ఆర్‌పీఎం దగ్గరే బూస్టు, అంటే అదనపు పీడనం, దాదాపు పూర్తిగా అందుతుంది. తొక్కిన వెంటనే పికప్ దొరుకుతుంది.

బ్రిటన్‌లో దీని పేరు చెప్పగానే గుర్తొచ్చే కారు బ్లోయర్ బెంట్లీ. 1929లో రేసర్ టిమ్ బర్కిన్ నాలుగున్నర లీటర్ల బెంట్లీకి రూట్స్ తరహా సూపర్‌ఛార్జర్ పెట్టించాడు. ఆమ్‌హర్స్ట్ విలియర్స్ రూపొందించిన ఆ యంత్రం రేడియేటరుకి ముందు, క్రాంక్‌షాఫ్ట్ కొసన, కారు ముక్కు మీద పెట్టినట్టు వేలాడుతూ ఉండేది. మామూలుగా 110 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్ రేసు అమరికలో 240 ఇచ్చింది. కంపెనీ స్థాపకుడు డబ్ల్యూ. ఓ. బెంట్లీకి మాత్రం ఇది ససేమిరా నచ్చలేదు. శక్తి కావాలంటే ఇంజన్‌ని పెద్దది చెయ్యాలన్నది ఆయన పట్టు. 1930లో జరిగిన ల మాన్ 24 గంటల రేసులో బర్కిన్ మెర్సిడెస్ ఎస్‌ఎస్‌కేని తరుముతూ టైరు తొక్క ఊడినా ఆగకుండా దాన్ని దాటేశాడు. చివరికి ఆ మెర్సిడెస్ ఆగిపోయింది, బ్లోయర్లు రెండూ ఆగిపోయాయి. గెలిచింది డబ్ల్యూ. ఓ. నమ్మిన, సూపర్‌ఛార్జర్ లేని ఆరున్నర లీటర్ల బెంట్లీ స్పీడ్ సిక్స్. వేడి, బరువు, ఒత్తిడి 24 గంటలపాటు భరించడం వేరు, ఒక్క ల్యాప్ దూసుకుపోవడం వేరు. అదే బ్లోయర్ బెంట్లీ ఆ ఏడాది పో పట్టణంలో జరిగిన ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీలో, తనకంటే ఎంతో తేలికైన రేసు కార్ల మధ్య రెండో స్థానంలో నిలిచింది.

అమెరికాలో రూట్స్‌కి ఇంకో రకం జీవితం దొరికింది. 1938లో జనరల్ మోటార్స్ 71 సిరీస్ టూ స్ట్రోక్ డీజిల్ ఇంజన్లు తెచ్చింది. వాటికి గాలిని పీల్చుకునే స్ట్రోక్ అంటూ విడిగా లేదు. గాలిని బయటి నుంచి తోసి, కాలిన పొగని వెళ్లగొట్టాలి. అందుకని ప్రతి ఇంజన్‌కీ ఒక రూట్స్ బ్లోయర్ తప్పనిసరి. ఆరు సిలిండర్లు, ఒక్కోటి 71 ఘనపు అంగుళాలు కాబట్టి ఆ ఇంజన్ పేరు 6-71. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లారీలు, బస్సులు తుక్కుకి వచ్చినప్పుడు రేసు పిచ్చి ఉన్న కుర్రాళ్లు వాటి బ్లోయర్లు ఊడదీసి తమ కార్ల ఇంజన్ల మీద బిగించారు. ఈనాటికీ డ్రాగ్ రేసు కారు బోనెట్ పైన పొడుచుకొచ్చి కనిపించే ఆ పెద్ద పెట్టె ఈ వంశానిదే.

రూట్స్‌లో లేని పని, అంటే యంత్రం లోపలే గాలిని నొక్కడం, చేసేది ట్విన్ స్క్రూ. ఇందులో రెండు రోటర్లూ మర మేకుల్లా మెలితిరిగి ఉంటాయి. ఒకటి ఉబ్బెత్తు, రెండోది పల్లం. ఒకదానిలో ఒకటి ఇమిడి తిరుగుతుంటే, చిక్కుకున్న గాలి జేబు ఒక కొస నుంచి రెండో కొసకు జరుగుతూ, జరిగేకొద్దీ చిన్నదవుతుంది. ద్వారం చేరేసరికి గాలి నొక్కుకుపోయి సిద్ధంగా ఉంటుంది. వెనక్కి దూకే గాలి తక్కువ, కాబట్టి వేడీ తక్కువ. 1878లోనే జర్మనీలో హైన్రిక్ క్రిగార్ ఈ ఆలోచనకి పేటెంట్ తీసుకున్నా, అంత సన్నని సందుతో మెలికలు కోయగల యంత్రాలు అప్పట్లో లేవు. 1930ల్లో స్వీడన్ ఇంజనీరు ఆల్ఫ్ లైషోమ్ దీన్ని పనికొచ్చే యంత్రంగా మలిచాడు. ఇప్పటికీ చాలామంది దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

1990ల్లో మజ్దా తన 2.3 లీటర్ల మిల్లర్ సైకిల్ వీ6 ఇంజన్‌కి లైషోమ్ కంప్రెసరే పెట్టింది. అక్కడ దాని ఉద్దేశం ఆర్భాటపు వేగం కాదు. ఇన్‌టేక్ వాల్వుని ఆలస్యంగా మూసి, పెట్రోలు పొదుపు చేస్తూ, అలా పోగొట్టుకున్న గాలిని కంప్రెసర్‌తో తిరిగి నింపడం. అదే తరహా యంత్రాన్ని డాడ్జ్ 2015 ఛాలెంజర్ హెల్‌క్యాట్‌లో పెట్టి 6.2 లీటర్ల ఇంజన్ నుంచి 707 హార్స్‌పవర్ రాబట్టింది. ఆ సూపర్‌ఛార్జర్‌ని పూర్తి వేగంతో తిప్పడానికి ఒక్కదానికే సుమారు 80 హార్స్‌పవర్ ఖర్చవుతుంది. మన రోడ్ల మీద తిరిగే చిన్న కారు ఇంజన్ మొత్తం శక్తి దాదాపు అంతే. అంత ఇచ్చినా తిరిగి వచ్చేది అంతకన్నా చాలా ఎక్కువ కాబట్టి బేరం గిట్టుబాటే. అయితే స్క్రూకి ఒక ఇబ్బంది ఉంది. కారు తీరికగా వెళ్తున్నప్పుడు గాలిని పక్కదారి పట్టించే బైపాస్ వాల్వు తెరిచినా, రోటర్ల లోపల గాలి నలుగుతూనే ఉంటుంది. రూట్స్ అయితే బైపాస్ తెరవగానే దాదాపు బరువు దించేసుకుంటుంది. రోజూ ట్రాఫిక్‌లో నడిచే కారుకి ఇది చిన్న విషయం కాదు.

ఈ రెండు రకాలూ కాకుండా ఫోక్స్‌వ్యాగన్ ఒక విచిత్రమైన ప్రయత్నం చేసింది. ఫ్రాన్స్ ఇంజనీరు లియోన్ క్రూ 1905లో పేటెంట్ పొందిన స్క్రోల్ ఆలోచన తీసుకుని 1980ల్లో జీ-లాడర్ తయారుచేసింది. సర్పిలాకారపు గోడల మధ్య అదే ఆకారపు పలక గుండ్రంగా ఊగుతుంది, తిరగదు. 1.8 లీటర్ల కొరాడో జీ60కి అది 160 హార్స్‌పవర్ ఇచ్చింది, చప్పుడు తక్కువ, సామర్థ్యం ఎక్కువ. కానీ పలక అంచున ఉన్న సీళ్లు అరిగిపోయేవి. సకాలంలో మార్చకపోతే లోపలి భాగాలే ధ్వంసమయ్యేవి. కార్లలో అది ఆగిపోయింది గానీ, అదే స్క్రోల్ సూత్రం నేటి ఏసీ కంప్రెసర్లలో హాయిగా పనిచేస్తోంది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ గాలిని జేబుల్లో పట్టి మోసుకెళ్లే రకం. సెంట్రిఫ్యూగల్ సూపర్‌ఛార్జర్ దారి పూర్తిగా వేరు. ఇది గాలిని పట్టుకోదు, విసురుతుంది. చిన్న రెక్కల చక్రం, దాని పేరు ఇంపెల్లర్, విపరీతమైన వేగంతో తిరుగుతూ నడిమధ్య నుంచి పీల్చిన గాలిని అంచుకి విసిరేస్తుంది. ఆ వేగం చుట్టూ ఉన్న నత్తగుల్ల ఆకారపు గదిలో తగ్గి పీడనంగా మారుతుంది.

దీన్ని దగ్గరగా చూడాలంటే కవాసాకి నింజా హెచ్2 అనే మోటార్‌సైకిల్ చక్కటి ఉదాహరణ. 2015లో వచ్చిన ఈ 998 సీసీ బండిలో ఇంపెల్లర్ వ్యాసం 69 మిల్లీమీటర్లు, అరచేతిలో పట్టేంత. ఒకే అల్యూమినియం దిమ్మెను చెక్కి చేసింది. ముందు కొసన ఆరు రెక్కలు, వెనక మొదట్లో పన్నెండు. క్రాంక్‌షాఫ్ట్ ఒక్క చుట్టు తిరిగితే ఇది 9.2 చుట్లు తిరుగుతుంది. ఇంజన్ 14,000 ఆర్‌పీఎం చేరితే ఇంపెల్లర్ వేగం నిమిషానికి దాదాపు 1,30,000 చుట్లు. అప్పుడు దాని అంచు సెకనుకి సుమారు 465 మీటర్ల వేగంతో కదులుతుంది, అంటే శబ్ద వేగాన్ని మించి. గాలిని అతిగా వేడి చెయ్యకుండా నొక్కగలిగేలా ఆ రెక్కల ఒంపులు తీర్చారు కాబట్టే ఆ బండికి ఇంటర్‌కూలర్ అవసరం పడలేదు. ఆ పనిలో కవాసాకి గ్యాస్ టర్బైన్ విభాగం చెయ్యి కలిపింది.

తక్కువ చోటు, తక్కువ బరువు, తక్కువ వేడి. మరి అందరూ దీన్నే ఎందుకు వాడరు? ఎందుకంటే సెంట్రిఫ్యూగల్‌లో పీడనం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 6,000 ఆర్‌పీఎం దగ్గర 0.6 బార్ బూస్టు వస్తే, 3,000 దగ్గర సగం రాదు, నాలుగో వంతు, అంటే దాదాపు 0.15 బార్ వస్తుంది. 2,000 దగ్గర నామమాత్రం. సిగ్నల్ దగ్గర నుంచి బయల్దేరేటప్పుడు అది ఉన్నా లేనట్టే.

విమానానికి ఈ లోపం లోపమే కాదు. విమానం ఇంజన్ సిగ్నళ్ల దగ్గర ఆగదు. గంటల తరబడి దాదాపు ఒకే వేగంతో తిరుగుతుంది. అక్కడ సమస్య ఎత్తు. 30 వేల అడుగుల పైన గాలి పీడనం నేల మీద ఉండే దానిలో మూడో వంతు కూడా ఉండదు. రోల్స్‌రాయిస్ మెర్లిన్ 27 లీటర్ల ఇంజన్‌కి సెంట్రిఫ్యూగల్ సూపర్‌ఛార్జర్ ఉండేది. 1938లో డెర్బీలోని ఆ కంపెనీలో చేరిన స్టాన్లీ హుకర్ స్వతహాగా గణితజ్ఞుడు, ఇంజన్ల తయారీలో అనుభవం లేనివాడు. గాలి లోపలికి ఎలా ప్రవహిస్తోందో సమీకరణాలతో లెక్కగట్టి, సూపర్‌ఛార్జర్ ప్రవేశ మార్గాన్నీ రెక్కలనీ మార్పించాడు. తర్వాత ఒకే షాఫ్టు మీద రెండు ఇంపెల్లర్లు, రెండు వేగాల గేరు, గాలిని చల్లార్చే కూలర్ కలిసిన మెర్లిన్ 61 వచ్చింది. జర్మన్ల ఫోకె-వుల్ఫ్ 190 చేతిలో దెబ్బతింటున్న బ్రిటిష్ యుద్ధ విమానాలు స్పిట్‌ఫైర్లు 1942లో ఆ ఇంజన్‌తోనే మార్క్ 9గా తిరిగి సమవుజ్జీలయ్యాయి. 

ఈ కథలో హైదరాబాద్‌కీ ఒక భాగం ఉంది. నిజాం విరాళానికి గుర్తుగా బ్రిటన్ వాయుసేనలో 152వ స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ పేరు పెట్టారు. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. ఆ స్క్వాడ్రన్ బ్రిటన్ యుద్ధంలో ఒక్క దశ సూపర్‌ఛార్జర్ ఉన్న స్పిట్‌ఫైర్లు నడిపింది. తర్వాత బర్మా రంగంలో రెండు దశలున్న స్పిట్‌ఫైర్ మార్క్ 8 నడిపింది. 

విమానంలో అంతగా నెగ్గిన యంత్రం కారులో పెడితే ఏమవుతుందో చెప్పడానికి బీఆర్‌ఎం వీ16 రేసు కారు కంటే మంచి ఉదాహరణ లేదు. యుద్ధం తర్వాతి ఫార్ములా వన్ నియమం: సూపర్‌ఛార్జర్ ఉంటే 1.5 లీటర్లు, లేకపోతే 4.5 లీటర్లు. ఇటలీ వాళ్ల ఆల్ఫా రోమియో 158, తర్వాత 159, ఎనిమిది సిలిండర్లకు వరసగా రెండు రూట్స్ బ్లోయర్లు పెట్టుకుంది. బ్రిటిష్ వాళ్లు పదహారు సిలిండర్ల ఇంజన్‌కి రోల్స్‌రాయిస్ చేత రెండు దశల సెంట్రిఫ్యూగల్ చేయించారు. కాగితం మీద చూస్తే రోల్స్‌రాయిస్ యంత్రానిదే పైచేయి, వేడి తక్కువ కాబట్టి. ఆ ఇంజన్ 12,000 ఆర్‌పీఎం దాకా తిరిగేది, గరిష్ఠ శక్తిలో ఆల్ఫాని మించిపోయేది. కానీ రేసు ట్రాకు నిండా మలుపులు. మలుపులో వేగం తగ్గి ఇంజన్ నెమ్మదించగానే బూస్టు మాయం. బయటికి వస్తూ తొక్కితే మొదట ఏమీ రాదు, ఆపైన వర్గంగా ముంచుకొస్తుంది. వెనక చక్రాలు పట్టు తప్పి గిర్రున తిరిగేవి. నిపుణులైన డ్రైవర్లకే అది చేతికి చిక్కేది కాదు. ఈ కారుకి ఇతర కష్టాలూ లేకపోలేదు. 1950 ఆగస్టులో సిల్వర్‌స్టోన్‌లో తొలిసారి రేసుకి దిగినప్పుడు బయల్దేరే గీత దగ్గరే డ్రైవ్‌షాఫ్ట్ విరిగింది. కానీ షాఫ్టు మార్చుకోవచ్చు. బూస్టు వచ్చే తీరు ఆ యంత్రం స్వభావంలోనే ఉంది.

ఆల్ఫా 1950లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కోసం దిగిన ఆరు రేసులూ గెలిచింది. దాని రూట్స్ బ్లోయర్లు మలుపు బయటే బలం అందించేవి. అయితే దానికి చెల్లించిన మూల్యమూ భారీదే. సిలిండర్లలోకి వచ్చే వేడి గాలిని చల్లార్చడానికి ఆల్కహాల్ కలిపిన ఇంధనాన్ని ధారాళంగా పొయ్యాల్సి వచ్చేది. ఆల్ఫా 159 వంద కిలోమీటర్లకి 150 లీటర్లకు పైగా తాగేది. 1951 జులై 14న బ్రిటిష్ గ్రాండ్ ప్రీలో ఆర్జెంటీనా డ్రైవర్ గొంజాలెజ్ సూపర్‌ఛార్జర్ లేని 4.5 లీటర్ల ఫెరారీతో ఆల్ఫాలను ఓడించాడు. ఇంధనం నింపుకోవడానికి ఆల్ఫాలు ఆగిన సమయం ఆ ఫలితంలో పెద్ద పాత్ర పోషించింది. అదే రేసులో బీఆర్‌ఎంలు 5, 7 స్థానాల్లో ముగించాయి.

ఆ తర్వాత రూట్స్ కూడా మారింది. ఈటన్ కంపెనీ రోటర్లను మెలితిప్పి, అంచులు రెండింటి నుంచి మూడుకి, తర్వాత టీవీఎస్ తరంలో నాలుగుకి పెంచింది. గాలి విడతలు విడతలుగా కాక దాదాపు ఏకధారగా వెళ్లడంతో చప్పుడూ వేడీ బాగా తగ్గాయి. 2009 కార్వెట్ జెడ్‌ఆర్1 ఇంజన్‌లో చుట్టుకి 2.3 లీటర్ల గాలి తోసే టీవీఎస్‌తో 638 హార్స్‌పవర్ వచ్చింది. స్క్రూ సామర్థ్యానికి రూట్స్ ఇంత దగ్గరగా రావడం నిజంగా గొప్ప ఇంజనీరింగ్ విజయం. పేరుకి అది 1860 నాటి సూత్రమే.

సూపర్‌ఛార్జర్‌నీ టర్బోనీ కలపాలన్న ఆలోచన కూడా పండింది. లాన్సియా 1983లో సూపర్‌ఛార్జర్ ఒక్కదానితోనే, వెనక చక్రాలు మాత్రమే తిరిగే 037 కారుతో ఆడి క్వాట్రోలను ఓడించి ప్రపంచ ర్యాలీ కన్‌స్ట్రక్టర్ల టైటిల్ గెలిచింది. 1985 డెల్టా ఎస్4లో దానికి టర్బోని జోడించింది. తక్కువ వేగంలో రూట్స్, ఎక్కువ వేగంలో టర్బో. 2005లో ఫోక్స్‌వ్యాగన్ ఇదే పద్ధతిని మామూలు గోల్ఫ్ కారు 1.4 లీటర్ల ఇంజన్‌లోకి తెచ్చి 170 హార్స్‌పవర్ సాధించింది. టర్బో అందుకున్నాక అయస్కాంత క్లచ్ విడిపోయి సూపర్‌ఛార్జర్ ఆగిపోతుంది. 1921 మెర్సిడెస్‌లో డ్రైవర్ కాలు చేసిన పనిని ఇక్కడ కంప్యూటర్ చేస్తుంది.

2016లో ఆడి ఎస్‌క్యూ7 బెల్టునే తీసేసింది. 48 వోల్టుల విద్యుత్తుతో నడిచే చిన్న సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్ పావు సెకనులోనే 70,000 ఆర్‌పీఎం అందుకుంటుంది. ఇంజన్ వేగంతో దానికి సంబంధం లేదు. బీఆర్‌ఎంని ముంచిన వర్గ నియమం ఇంకా అలాగే ఉంది, కానీ ఇంపెల్లర్ ఇప్పుడు క్రాంక్‌షాఫ్ట్‌కి బందీ కాదు. దాని పరిమితి కరెంటు. 7 కిలోవాట్ల మోటారు కాసేపు మాత్రమే ఊదగలదు, ఆ కాసేపట్లో టర్బో అందుకోవాలి.

మన దగ్గర సెకండ్ హ్యాండ్ కార్ల సంతలో కంప్రెసర్ అని వెనక రాసున్న పాత మెర్సిడెస్ సీ క్లాసులు అప్పుడప్పుడు కనిపిస్తాయి. అవి రూట్స్ తరహావి. అలాంటిది కొనేవాళ్లు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి వినాలి. బెల్టు వైపు నుంచి గలగల శబ్దం వస్తే రోటర్ల గేర్లు గానీ, బేరింగులు గానీ అరిగి ఉండవచ్చు. రూట్స్ గేర్లకు ఇంజన్ ఆయిల్‌తో సంబంధం లేని సొంత నూనె ఉంటుంది. మామూలు సర్వీసులో దాన్ని ఎవరూ ముట్టుకోరు కాబట్టి, ఏళ్లు గడిచిన కారులో అది ఎంత మిగిలిందో విడిగా చూపించమని మెకానిక్‌ని అడగాలి.